పన్నెండు కిలోమీటర్ల పోటీ

మన సంఘం ప్రత్యేక సంచికకు స్థానిక చరిత్ర మీద ఏదైనా రాసి ఇవ్వవలసిందని కార్యవర్గ మిత్రులు కోరినారు. జగిత్యాల కోటను గురించి, వేములవాడ చాళుక్యులను గురించి రాయడానికి పండితులున్నారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగినవాణ్ణి. నాకు తెలిసింది ఆఫీసు బోర్డుల చరిత్ర. ఏ ఊరికి ఏ బోర్డు ఎప్పుడు వచ్చింది, దానికోసం పక్క ఊరితో ఎంత పంతం నడిచింది అన్నదే ఈ వ్యాసం. సొంతవూరు జగిత్యాల అయినందువల్ల, కింద చెప్పబోయే నాలుగు ఊళ్లలోనూ ఏదో ఒక కాలంలో పనిచేసినందువల్ల, నాకు పక్షపాతం లేదని మిత్రులు నమ్మాలి.

మన ప్రాంతంలో ఇలాంటి జంటలు రెండున్నవి. ఒకటి కోరుట్ల, మెట్‌పల్లి. రెండవది సిరిసిల్ల, వేములవాడ. రెండు జంటల్లోనూ ఊరికీ ఊరికీ నడుమ దూరం సుమారు 12 కిలోమీటర్లే. ఒక పెద్ద పట్నంలో ఈ కొసన ఒక పేట, ఆ కొసన ఒక పేట ఉన్నట్టుగా ఉంటాయి. పొద్దున ఒక ఊరిలో బియ్యం కొని, మాపటికి రెండో ఊరిలో పెండ్లికి పోయేంత దగ్గర. ఇచ్చి పుచ్చుకున్న సంబంధాలు లెక్కలేనన్ని. అయినా “మీ ఊరు గొప్పా, మా ఊరు గొప్పా” అన్న మాట రాకుండా ఏ పెండ్లి పందిరీ లేవలేదు.

ముందు కోరుట్ల సంగతి. పటం చూస్తే తూర్పున జగిత్యాల, పడమర మెట్‌పల్లి, నడుమ కోరుట్ల, మూడూ ఒకే రోడ్డు మీద ఉంటాయి. మండలాలు రాకముందు తాలూకా కచేరీ మెట్‌పల్లిలో ఉండేది. రెవెన్యూ డివిజన్ కచేరీ జగిత్యాలలో. అంటే కోరుట్ల రైతు పహాణీ నకలు కావాలంటే పడమరకు, దానిమీద అప్పీలు చేసుకోవాలంటే తూర్పుకు పోవాలి. వ్యాపారంలో తమ ఊరు ఎవరికీ తీసిపోదని కోరుట్లవారి ధీమా. అటువంటి ఊరివారు ప్రతి కాగితానికీ పక్క ఊరి బస్సెక్కడం వారికి మింగుడుపడేది కాదు.

మెట్‌పల్లి కచేరీ వరండాలో విన్న ఒక మాట ఇప్పటికీ గుర్తుంది. మెట్‌పల్లి పెద్దమనిషి ఒకాయన కోరుట్ల నుంచి వచ్చిన తన బావను చూసి, “ఏం బావా, మా మెట్లెక్కుడు ఇంకా తప్పుతలేదా?” అన్నాడు. ఆయన తడుముకోకుండా, “మెట్లెక్కితే ఏమాయె బావా, మీ చెల్లెను ఇచ్చినప్పుడే మా గడప మీరెక్కిండ్రు గద!” అన్నాడు. కాగితాలు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా ఫక్కున నవ్వినారు. ఆ రోజుల్లో పోటీ అంటే అది.

అయితే నవ్వు వెనుక ఒక లెక్క ఉంది, దాన్ని మా వంటి గుమాస్తాలు రోజూ చూసేవారం. బోర్డు ఒక ఊరిలో ఉంటే ఆ ఊరికి హోటళ్లు వస్తాయి, దస్తావేజు లేఖరులు వస్తారు, వకీళ్లు ఇండ్లు కట్టుకుంటారు, ఉద్యోగుల పిల్లలతో బడులు నిండుతాయి. రెండో ఊరివాడికి మిగిలేది బస్సు కిరాయి, ఒక దినం కూలి నష్టం. దొర లేడంటే రెండు దినాలు. పేదవాడికి “బోర్డు ఏ ఊర్లో?” అన్న ప్రశ్న ఊరి పరువుది కాదు, ఆ పూట కూలిది.

1984లో ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. కోరుట్లకు తన మండలం, మెట్‌పల్లికి తన మండలం. ఒక కచేరీలో ఏండ్ల తరబడి ఒకే బీరువాలో ఉన్న దస్త్రాలను గ్రామాలవారీగా విడదీసి, బట్టలో మూటలు కట్టి, జాబితా రాసి, కొత్త ఆఫీసులకు పంపే పని ఆ కాలపు గుమాస్తాలందరికీ పడింది. అన్నదమ్ముల పంపకం చేసినట్టే అనిపించింది. అంతవరకు పొద్దంతా పట్టే పని ఒక పూటలో తెమిలేట్టు అయింది. రెండు ఊళ్లలో ఎవరికి లాభమని అడిగితే, ఊళ్లకు కాదు, ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెలకని నా జవాబు.

పంతం మాత్రం అక్కడితో ఆగలేదు. శాసనసభ నియోజకవర్గానికి దశాబ్దాలుగా మెట్‌పల్లి పేరే ఉండేది. 2008 పునర్విభజనలో ఆ పేరు పోయి కోరుట్ల పేరు వచ్చింది, 2009 ఎన్నికలు కొత్త పేరుతో జరిగినవి. ఈసారి మెట్‌పల్లివారి మొగం చిన్నబోయింది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, జగిత్యాల జిల్లా ఏర్పడినప్పుడు మెట్‌పల్లి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఇక కోరుట్లవారు ఊరుకుంటారా? తర్వాత కోరుట్లకు కూడా డివిజన్ వచ్చింది. ఒకప్పుడు డివిజన్ కచేరీ కోసం జగిత్యాల దాకా రావలసిన చోట ఇప్పుడు 12 కిలోమీటర్ల లోపల ఇద్దరు ఆర్డీవోలు! పెద్దపల్లి, నిజామాబాద్ రైలు మార్గం 2017లో పూర్తయినప్పుడు కూడా రెండు ఊళ్లకూ రెండు స్టేషన్లు వచ్చినవి. రైలు పట్టాలు ఒక్కటే గనుక తగువు రాలేదు.

ఇప్పుడు రెండవ జంట. సిరిసిల్ల, వేములవాడల కథ ఇంకొక తీరు. ఇక్కడ ఒకటి దేవుని ఊరు, ఒకటి మగ్గాల ఊరు. వేములవాడ చాళుక్యులకు రాజధాని. పదవ శతాబ్దంలో రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ ఆదికవి పంపడు ఉన్నాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గర కురిక్యాల గుట్ట మీద చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నవి. ఈ చరిత్ర చెప్పి వేములవాడవారు మీసం దువ్వితే, సిరిసిల్లవారు తాలూకా బోర్డు చూపేవారు, మరమగ్గాల చప్పుడు వినిపించేవారు. “మీ ఊర్ల మొక్కు దీరుతది, మా ఊర్ల కడుపు నిండుతది” అని ఒకరు, “మా రాజన్న దయ లేంది మీ మగ్గం ఆడుతదా?” అని ఇంకొకరు.

దారి సంగతిలో కూడా ఒక తమాషా ఉంది. సిరిసిల్ల నుంచి కరీంనగర్ పోయే బస్సు వేములవాడ మీదుగా పోతుంది. కలెక్టరు ఆఫీసు కరీంనగర్‌లో ఉన్నన్నాళ్లూ సిరిసిల్లవాడు వేములవాడ దాటకుండా పెద్ద కచేరీ చూడలేదు. తాలూకా కచేరీకి మాత్రం వేములవాడవాడు సిరిసిల్ల రావలసిందే. ఒకరి గడప ఒకరు తొక్కక తప్పేది కాదు.

జ్ఞానపీఠ పురస్కారం పొందిన సి. నారాయణరెడ్డి గారు 1931లో వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో పుట్టినారు, సిరిసిల్లలో చదివినారు. ఆయన ఎవరివాడన్న వాదానికి ఇప్పటికీ తీర్పు లేదు. పుట్టినచోటిదా ఘనత, అక్షరం దిద్దించినచోటిదా? నన్నడిగితే ఫైలును “ఇరువర్గములకు చెందును” అని మూసేస్తాను.

పోటీ ఎంత ఉన్నా, ఈ రెండు ఊళ్లు కలిసి నడిపిన సంస్థ ఒకటుంది. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనమంతా “సెస్” అనేది, మొదలైంది. విద్యుత్తు కొని తన సభ్యులకు పంచే సహకార సంఘాలు దేశంలోనే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సిరిసిల్ల మగ్గానికీ, వేములవాడ గుడి దీపానికీ, ఆ చుట్టూ పల్లెల బావి మోటారుకూ ఒకే సంఘం నుంచి కరెంటు. డైరెక్టర్ల ఎన్నికలప్పుడు ఎంత గొడవపడినా తీగ మాత్రం ఎవరూ తెంపలేదు. అట్లాగే ప్రభుత్వ డిగ్రీ కళాశాల రెండు ఊళ్ల నడుమ అగ్రహారంలో ఉంది. రెండు ఊళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

2016 ఆగస్టులో కొత్త జిల్లాల ముసాయిదా వచ్చింది. అందులో సిరిసిల్ల పేరు లేదు. ఊరంతా రోడ్డెక్కింది. బందులు, దీక్షలు జరిగినవి. చివరికి అక్టోబరులో సిరిసిల్ల, జనగామ, ఆసిఫాబాద్, గద్వాల జిల్లాలను కూడా చేర్చి, మొత్తం 31 జిల్లాలతో దసరా నాడు ప్రారంభించినారు. మన ముచ్చటకు అసలైన విషయం జిల్లా పేరు. కచేరీ సిరిసిల్లలో, పేరు మాత్రం “రాజన్న సిరిసిల్ల”. వేములవాడ దేవుడు ముందు, సిరిసిల్ల పట్నం వెనుక! ఎన్ని ఏండ్ల పంతమో ఒక్క బోర్డు మీద రెండు మాటల్లో సర్దుకున్నది. ఇప్పుడు కలెక్టరును చూడాలంటే వేములవాడవారు సిరిసిల్ల పోతారు. అయినా ఆ బోర్డు కింద నిలబడితే మొదట చదివేది తమ రాజన్న పేరే. తర్వాత వేములవాడకు కూడా రెవెన్యూ డివిజన్ వచ్చింది.

ఇది మన దగ్గరే ఉన్న గుణం కాదు. అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ అని జంట నగరాలున్నవి. 1890 జనాభా లెక్కల్లో ఎవరు పెద్ద అన్న పంతం ముదిరి, లెక్కలు దొంగవని ఒక ఊరి ఎన్యూమరేటర్లను అరెస్టు దాకా తెచ్చినారు. మళ్లీ లెక్కిస్తే రెండు ఊళ్లూ తలకాయలు ఎక్కువ రాసుకున్నట్టు తేలింది. సెన్సస్ డ్యూటీ చేసిన మన మిత్రులు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. మన ఊళ్ల పంతం అంతదాకా పోలేదు, సంతోషించాలి.

ఇక చివరిగా ఒక్క మాట. పోటీ వల్ల బోర్డులు వచ్చినవి, కాదనను. మండలం, డివిజన్, జిల్లా అడుగు అడుగునా దగ్గరికి వచ్చినవి. ముసలమ్మ పింఛను కాగితం కోసం రెండు బస్సులు మారే కాలం పోయింది. కానీ పోటీ వల్ల రానివి కూడా ఉన్నవి. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలోని చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినప్పుడు నష్టపోయిన చెరుకు రైతు కోరుట్లవాడా, మెట్‌పల్లివాడా అని ఎవరూ అడగలేదు. ఆ మూతకు రెండు ఊళ్ల బజార్లూ బోసిపోయినవి. సిరిసిల్లలో మగ్గం ఆగి నేతన్నలు ప్రాణాలు తీసుకున్న రోజుల్లో ఆ ఏడుపు వేములవాడ దాకా వినిపించింది. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చి మగ్గాలు ఆడినవి, ఆ పని ఆగినాక మళ్లీ చప్పుడు తగ్గింది. మధ్యమానేరు జలాశయం నిండితే మునిగిన పల్లెల్లో ఇటు చుట్టాలూ ఉన్నారు, అటు చుట్టాలూ ఉన్నారు.

పైగా ఇప్పుడు భూమి రికార్డు కంప్యూటర్లో ఉంది, మన లైఫ్ సర్టిఫికెట్టు మనవడి ఫోనులో అయిపోతుంది. బోర్డు ఏ ఊరిలో ఉందన్నది మునుపటంత పెద్ద సంగతి కాదు. బోర్డు కోసం ఎదురెదురుగా నిలబడిన ఊళ్లు పని కోసం పక్కపక్కన నిలబడే కాలం ఇది. కోరుట్ల పిల్లవాడూ, మెట్‌పల్లి పిల్లవాడూ దుబాయిలో ఒకే గదిలో ఉంటూ “మాది జగిత్యాల జిల్లా” అని చెప్పుకుంటున్నారు. అంత దూరం పోయినాక వచ్చిన ఆ తెలివి, 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న మనకు రాకపోతుందా?

అంతదాకా పెండ్లి పందిళ్లలో ఆ తియ్యటి పంతం సాగుతూనే ఉండాలని, సంఘ సభ్యులందరూ కుటుంబ సమేతంగా ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటూ సెలవు.