రికార్డు వేగాల పోరు

గ్రామఫోను రికార్డు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి? ఇది ఇంజనీర్లకు తప్ప ఇతరులకు పట్టని ప్రశ్నగా తోస్తుంది. కాని 1948 నుండి సుమారు రెండు సంవత్సరాల పాటు అమెరికా దేశంలో ఈ ఒక్క ప్రశ్న మీద రెండు మహాసంస్థలు కలియబడినవి. ఎవరు గెలిచినారు, ఎవరు ఓడినారు అన్నదాని కంటే, ఆ పోరు ముగిసేసరికి కొనేవాని ముందున్న అంగడి ఎట్లా మారిపోయినదన్నదే చరిత్ర దృష్టికి ముఖ్యం. ఆ మార్పు మన దేశానికి చేరడంలో అంత ఆలస్యం ఎందుకు జరిగినదన్నది కూడా ఆలోచించదగినదే.

అంతకు ముందు లోకమంతటా చెల్లుబడి అయినది నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, పన్నెండు అంగుళాలది నాలుగు, నాలుగున్నర నిమిషాలు పలికేది. పాట ఏదైనా ఆ కొలతకు ఒదగవలసినదే. మన గాయకులు రాగాలాపనను కుదించి, పల్లవి అనుపల్లవులను పరుగెత్తించి కీర్తనను మూడు నిమిషాలలో ముగించినదీ, పద్యనాటకం వినగోరినవారు ప్లేట్ల సెట్టు మొత్తం కొనవలసి వచ్చినదీ ఇందువల్లనే. పాశ్చాత్యుల సింఫనీ ఒక్కటి వినాలంటే నాలుగైదు ప్లేట్లు కావాలి; నాలుగేసి నిమిషాలకు ఒకసారి లేచి ప్లేటు తిరగవేయాలి. ఆ ప్లేట్లను పుస్తకం వలె కుట్టిన అట్టసంచులలో పెట్టి అమ్మేవారు. దానికే ఆల్బమ్ అని పేరు. ప్లేటు ఒక్కటే అయిన తరువాత కూడా ఆ పేరు పోలేదు.

ఆ ప్లేటుకు ప్రాణం లక్క. రాతిపొడి, మసి మొదలైన వాటిని పట్టి ఉంచే బంక అది. దానిలో అధికభాగం మన దేశం నుండి, ముఖ్యంగా ఛోటానాగపూర్ అడవులలో మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టినదాని నుండి వెళ్లేది. రెండవ ప్రపంచ యుద్ధంలో సముద్రమార్గాలు చిక్కుపడగా, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కను నూటికి ముప్పై పాళ్లకు తగ్గించినది. కొత్త ప్లేటు కావాలంటే పాతది తెచ్చి ఇమ్మని దుకాణదారులు అడిగే స్థితి ఏర్పడినది. సైనికుల వినోదం కోసం తయారైన రికార్డులలో వినైల్ అనే కృత్రిమ పదార్థం వాడుకలోకి వచ్చినది. ఇది లక్క ప్లేటు వలె కింద పడితే పగిలేది కాదు, గరగర తక్కువ, సన్నని గాళ్లు తీసినా నిలుస్తుంది. పోరుకు ఆయుధం ఈ విధంగా సిద్ధమైనది.

ఇక పోరాడినవారి సంగతి. ఒకవైపు ఆర్.సి.ఏ. సంస్థ. దాని అధిపతి డేవిడ్ సార్నాఫ్, రష్యా సామ్రాజ్యం నుండి బాల్యంలో వలస వచ్చి, వైర్‌లెస్ ఆపరేటరుగా జీవితం ప్రారంభించి పైకి వచ్చిన మనిషి. 1926లో ఏర్పడిన ఎన్.బి.సి. రేడియో ఆ సంస్థదే. 1929లో విక్టర్ గ్రామఫోను కంపెనీని కూడా కొన్నది. రెండవవైపు సి.బి.ఎస్. రేడియో. దాని అధిపతి విలియమ్ పేలీ, చుట్టల వ్యాపారి కుమారుడు. ఆయన 1938లో కొలంబియా రికార్డు కంపెనీని కొని విక్టర్‌కు ఎదురు నిలిచినాడు. అంటే రేడియోలో పోటీపడేవారే రికార్డులలోనూ పోటీపడ్డారు. సరిగ్గా ఈ కాలంలోనే జాక్ బెన్నీ వంటి ప్రఖ్యాత హాస్యనటులను పేలీ ఎన్.బి.సి. నుండి తన వైపు లాగుకొన్నాడు. ఇట్టి వాతావరణంలో ఒకరు కనిపెట్టినదాన్ని మరొకరు మెచ్చుకొని స్వీకరిస్తారని అనుకోవడం కష్టం.

కొలంబియా ఇంజనీర్లు ఎన్నుకొన్న వేగం 33 1/3 చుట్లు. మా రేడియో వృత్తిలోని వారికి ఇది కొత్త సంఖ్య కాదు. 1926లో మాట్లాడే చిత్రాలకు ధ్వనిని ప్లేట్ల మీద జోడించినప్పుడు ఒక ఫిలిం రీలుకు సరిపోయేట్లు పుట్టిన వేగం ఇది. తరువాత రేడియో కేంద్రాలలో పదిహేను నిమిషాల కార్యక్రమాలు నింపిన పదహారు అంగుళాల ప్లేట్లు ఈ వేగంతోనే తిరిగేవి. ఆర్.సి.ఏ. కూడా 1931లో ఇదే వేగంతో దీర్ఘవాదన రికార్డును అమ్మజూచినది. ఆర్థికమాంద్యం రోజులు, కొనేవారు లేక ఆ ప్రయత్నం అణగారిపోయినది. కొలంబియా చేసిన కొత్త పని గాళ్లను సన్నం చేయడం. అంగుళానికి సుమారు నూరు గాళ్లు ఉండేచోట రెండు వందలకు పైగా పట్టించినారు. పన్నెండు అంగుళాల వినైల్ ప్లేటు ఒక్కొక్క వైపు ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు పలికినది. దీని కీర్తి ఎక్కువగా పీటర్ గోల్డ్‌మార్క్‌కు దక్కినది గాని, కంపెనీ అధ్యక్షుడు ఎడ్వర్డ్ వాలర్‌స్టీన్ మాత్రం విలియమ్ బాక్‌మన్ అనే ఇంజనీరుకే హెచ్చుపాలు ఇచ్చినాడు. పేటెంటు కాగితం మీది పేరు ఒకటి, పనిమేజా వద్ద కూర్చున్న చేయి మరొకటి కావడం పరిశ్రమలలో కొత్త కాదు.

1948 వసంతంలో పేలీ ఈ రికార్డును సార్నాఫ్‌కు వినిపించి, లైసెన్సు తీసుకొని మీరు కూడా వేయండని ఆహ్వానించినాడు. ఆ గదిలో ఏమి జరిగినదన్నది హాజరైనవారు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పినారు. తేలిన సంగతి ఒక్కటే: సార్నాఫ్ ఒప్పుకోలేదు. ఆ జూన్‌లో న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలులో పత్రికలవారిని పిలిచి వాలర్‌స్టీన్ ఒక ప్రదర్శన చేసినాడు. ఒక పక్క 78 ప్లేట్లు ఎనిమిది అడుగుల ఎత్తు పేర్చి ఉన్నవి. అదే సంగీతమంతా నిండిన కొత్త రికార్డుల దొంతర పక్కన పదిహేను అంగుళాల ఎత్తున ఉన్నది. ఫిల్కో కంపెనీ చేసిన ప్రత్యేక ప్లేయరు ధర మొదట 29 డాలర్ల 95 సెంట్లు; కొద్దికాలానికే 9 డాలర్ల 95 సెంట్లకు దించినారు. యంత్రం మీద లాభం వదులుకొని ప్లేట్ల మీద సంపాదించే ఈ ఎత్తుగడ వర్తకులు ఎరిగినదే.

ఆర్.సి.ఏ. జవాబు 1949 మార్చి 31న వెలువడినది. ఏడు అంగుళాల చిన్న ప్లేటు, నడుమ అంగుళంన్నర వెడల్పు రంధ్రం, వేగం 45 చుట్లు. లోపల లోపల దీన్ని మేడమ్ ఎక్స్ అని వ్యవహరించేవారట. 78లో నుండి 33 తీసివేస్తే మిగిలేది 45 కనుక, పంతానికే ఆ సంఖ్య పెట్టినారని ఒక చమత్కారం చెలామణి అయినది. ఆర్.సి.ఏ. ఇంజనీర్లు మాత్రం ప్లేటు వ్యాసాన్నీ గాడి సన్నదనాన్నీ లెక్కకట్టి తేల్చిన వేగమని చెప్పినారు. ఒక్కొక్క రకం సంగీతానికి ఒక్కొక్క రంగు ప్లేటు: శాస్త్రీయానికి ఎరుపు, పిల్లల పాటలకు పసుపు, పల్లె పాటలకు ఆకుపచ్చ. చూడముచ్చటైన వస్తువే. కాని దాని ఆటకాలం దాదాపు పాత ప్లేటుదే. అందువల్ల సింఫనీ కోసం మళ్లీ నాలుగైదు ప్లేట్ల పెట్టె అమ్మవలసి వచ్చినది. ప్లేట్లను తమంతట తామే మార్చే యంత్రం ఎంత వేగంగా పనిచేస్తుందో వర్ణిస్తూ ప్రకటనలు చేసినారు. ముక్కలైన సంగీతాన్ని వేగంగా అతికించడం వేరు, ముక్కలు చేయకపోవడం వేరు. ఈ తేడా సార్నాఫ్ వంటి మేధావికి తెలియదనుకోలేము. పంతం అడ్డు వచ్చినదనే నా అభిప్రాయం.

కొనేవాడు ఏమి చేసినాడు? ఏమీ కొనలేదు. ఇంట్లో ఉన్న యంత్రం 78కి పనికివస్తుంది. కొలంబియా ప్లేటుకు ఒక యంత్రం, విక్టర్ ప్లేటుకు మరొక యంత్రం కావాలి. రేపు ఏది నిలుస్తుందో దుకాణదారుకే తెలియదు. 1947లో 22 కోట్ల 40 లక్షల డాలర్లున్న అమెరికా రికార్డు అమ్మకాలు 1949లో 17 కోట్ల 30 లక్షలకు పడిపోయినవి. మూడు రకాల సరుకూ నిలువ చేయలేక చిన్న వర్తకులు చేతులు కాల్చుకొన్నారు. పైగా ఒక్కొక్క కంపెనీ హెచ్చు తగ్గు స్వరాలను ఒక్కొక్క పద్ధతిలో ప్లేటుకు ఎక్కించేది. 1954లో అందరికీ ఒకే ప్రమాణం ఏర్పడేవరకు శ్రద్ధగల శ్రోత రికార్డు మార్చినప్పుడల్లా యంత్రం మరలు సవరించుకొనేవాడు.

చివరికి 1950 ఆరంభంలో ఆర్.సి.ఏ. తాను కూడా 33 1/3 రికార్డులు వేస్తానని ప్రకటించినది. కొద్దికాలానికి కొలంబియా 45లు వేసినది. యంత్రాల తయారీదారులు మూడు వేగాలూ ఉన్న ప్లేయర్లు అమ్మినారు. ఇది రాజీ అనిపిస్తుంది గాని, అంగడి మాత్రం రెండుగా చీలినది. పెద్ద ప్లేటు కచేరీకీ, నాటకానికీ, గాయకుని సంపుటానికీ నిలయమైనది. చిన్న ప్లేటు ఒంటి పాటది. నాణెం వేస్తే పాట పలికే జ్యూక్‌బాక్సులలోకి సీబర్గ్ కంపెనీ 1950లో 45ను ప్రవేశపెట్టగా, హోటళ్లలోని యువజనం చేతి చిల్లరే ఏ పాట జనాదరణ పొందినదో తేల్చసాగినది. ఈ చీలికను ఇద్దరు యజమానులలో ఎవరూ కోరలేదు. ప్రతివాడూ తన వేగమే సర్వస్వం కావాలన్నాడు. 1959 నాటికి అమ్మకాలు 60 కోట్ల డాలర్లు దాటినవి. అందులో కొత్త సంగీతపు పాలు లేకపోలేదు గాని, సంవత్సరానికి రెండు మూడు పెద్ద ప్లేట్లు కొనే పెద్దవారినీ, వారానికొక చిన్న ప్లేటు కొనే కుర్రవారినీ వేరువేరుగా పట్టుకొన్నది ఈ రెండు కొలతలే.

ఇంగ్లండులో కథ మందకొడిగా నడిచినది. అక్కడి డెక్కా కంపెనీ 1950 జూన్‌లోనే పెద్ద రికార్డులు విడుదల చేసినది. కాని హిజ్ మాస్టర్స్ వాయిస్, కొలంబియా ముద్రలు రెండూ గల ఇ.ఎమ్.ఐ. సంస్థ 1952 అక్టోబరు దాకా కదలలేదు. మనకు ఈ పేరు ముఖ్యం. ఎందుకంటే మన ఇళ్లలోని ప్లేట్ల మీద కుక్కబొమ్మ ఒకటి, కొలంబియా ముద్ర మరొకటి, ఓడియన్ ఇంకొకటి కనిపించి, మూడు కంపెనీలు మన కోసం పోటీపడుతున్నవని భ్రమ కలిగించేవి. 1931 విలీనం తరువాత అవన్నీ ఒకే గూటి పక్షులు. చిన్న స్వదేశీ సంస్థలు ఉండేవి. వాటిలో చాలావాటి ప్లేట్లు కూడా కలకత్తా డమ్‌డమ్ కర్మాగారంలోనే అచ్చయ్యేవి.

ఫలితం చూడండి. ఆలాపనకు గంటలు కావలసిన హిందూస్థానీ రాగం తొలిసారిగా పెద్ద రికార్డు మీద విడుదలైనది 1955లో, న్యూయార్కులో: అలీ అక్బర్ ఖాన్ సరోద్, ఒక వైపు ఒక రాగం, మరొక వైపు మరొకటి, పరిచయవాక్యాలు యెహుదీ మెనూహిన్‌వి. విడుదల చేసిన ఏంజెల్ కంపెనీ ఎవరిది? ఆ ఇ.ఎమ్.ఐ.దే. పోటీ ఉన్నచోట నిద్రలేచిన సంస్థ, పోటీ లేనిచోట తీరికగా ఉన్నది. ఇక్కడ పెద్ద ప్లేట్లు 1950ల చివరి సంవత్సరాలలో గాని అంగడికి రాలేదు. 1960లలో బీటిల్స్ పాటలు సహితం మన దేశంలో 78 ప్లేట్ల మీద అచ్చయినవి. పాత వస్తువులు సేకరించే విదేశీయులు ఇప్పటికీ వాటి కోసం వెదుకుతారు.

అయితే తప్పంతా కంపెనీదే అనడం న్యాయం కాదు. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనుకు కరెంటు అక్కరలేదు. దాని బరువైన ముల్లును సన్నని గాడి భరించలేదు. విద్యుత్తు లేని మన పల్లెలలో 78 ప్లేటు ఒక్కటే పలికేది. ఇక ఛోటానాగపూర్‌లో కొమ్మ కొట్టి లక్క గీకి జీవించేవారికి వినైల్ రాకతో ఒక పెద్ద ఖాతాదారు శాశ్వతంగా పోయినాడు. న్యూయార్కు హోటలులో ఎనిమిది అడుగుల దొంతరను చూచి చప్పట్లు కొట్టినవారికి అది ఎవరి అన్నమో తెలిసే అవకాశం లేదు.

1960లలో మన పట్టణాలలో రేడియోతో కూడిన రికార్డు ప్లేయర్లు కొన్న కుటుంబాలవారు దాని పక్కన ఒక మీట గమనించి ఉంటారు. దాని మీద 16, 33, 45, 78 అని నాలుగు అంకెలు. మొదటిది అంధుల కోసం చదివిన పుస్తకాల వంటి రికార్డులకు ఉద్దేశించినది. మన అంగళ్లలో ఆ ప్లేటు కనబడినది అరుదు. నడిమి రెండూ సార్నాఫ్, పేలీల పంతానికి గురుతులు. చాలా ఇళ్లలో ఆ మీటను 78 మీద నుండి కదిపే పని చాలా ఏళ్లు పడలేదు.