కుండీలోని వేరు కథ

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు రాతిగుండ్లకు, సీతాఫలపు పొదలకు నెలవులు. 1998 నవంబరులో అక్కడ సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన తరువాత ఆ ప్రాంతపు రూపే మారిపోయింది. నేడు హైటెక్ సిటీ అన్నా, సైబరాబాదు అన్నా అద్దాల మేడలే కళ్ళకు కడతాయి. ఆ మేడలలోని కార్యాలయాలలో, బల్లల ప్రక్కన, మెట్ల మలుపులలో మొక్కల కుండీలు కానవస్తాయి. వీటిలో కొన్ని గోదావరి తీరాన కడియం నర్సరీలలో పెరిగి, లారీలెక్కి వచ్చినవి.

ఇట్టి కుండీలోని మొక్క ఒకనాడు ఆకులు వాలుస్తుంది. దాహమై ఉంటుందని ఎవరో చెంబెడు నీళ్ళు పోస్తారు. మరునాడు మొక్క మరింత వాడుతుంది. మరికొన్ని నీళ్ళు పోస్తారు. కొద్దిరోజులకు మొక్క చనిపోతుంది. మట్టి తడిగానే ఉన్నది. మొక్క మాత్రం నీరు లేనట్లే ఎండింది. కారణమేమి? సమాధానం కంటికి కనబడని భాగంలో, అనగా వేరులో ఉన్నది. ఆ సమాధానాన్ని రాబట్టడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలమే పట్టింది.

మన్నా, నీరా?

వేళ్ళు మట్టిని తిని మొక్కను పెంచుతాయని పూర్వం యూరపులో పండితులు నమ్మేవారు. బెల్జియం దేశీయుడైన వాన్ హెల్మాంట్ దీనిని త్రాసులో తూచి చూడదలచాడు. ఎండబెట్టిన 200 పౌనుల మట్టిని తొట్టిలో పోసి, 5 పౌనుల విల్లో మొక్కను నాటి, నీరు మాత్రమే పోస్తూ వచ్చాడు. ఐదేళ్ళకు చెట్టు బరువు 169 పౌనులు దాటింది. మట్టిలో తగ్గినది సుమారు 2 ఔన్సులే! కనుక చెట్టు దేహమంతా నీటి నుండే తయారైనదని ఆయన తీర్మానించాడు. ఆయన మరణానంతరం 1648లో ఈ ప్రయోగం అచ్చయింది.

ప్రయోగం గొప్పదే గాని తీర్మానం తప్పు. ఆకులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తాయని అప్పటికి తెలియదు. తగ్గిన ఆ 2 ఔన్సుల మట్టిని కూడా ఆయన లెక్కలోనికి తీసుకొనలేదు. 1699లో ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ పుదీనా జాతి మొక్కలను రకరకాల నీళ్ళలో పెంచి చూచాడు. వాన నీటిలో కన్న మట్టి కలిసిన నీటిలో అవి బాగా పెరిగాయి. నీటితోపాటు నేలలోని పదార్థమేదో వేరుకు కావలెనని దీనివల్ల తేలింది. ఆ పదార్థాలేవో 1860 ప్రాంతంలో జర్మనీలో జూలియస్ జాక్స్, విల్‌హెల్మ్ నాప్ తేల్చారు. నైట్రోజను, పొటాషియం, ఫాస్ఫరస్, కాల్షియం మొదలైన మూలకాల లవణాలను నీటిలో కరిగించి, మట్టి ఏమాత్రం లేకుండానే మొక్కలను పెంచి చూపారు. నేటి కార్యాలయాలలో సీసా నీటిలో బ్రతికే మనీప్లాంటు ఈ ప్రయోగానికి దూరపు చుట్టమే.

వేరు కూడ ఊపిరి తీస్తుంది

ఐతే వేరుకు నీరు, లవణాలు ఉంటే చాలునా? స్విట్జర్లండులో జెనీవా వాసి అయిన నికొలా ద సొస్యూర్ 1804లో ప్రకటించిన గ్రంథంలో ఇందుకు జవాబున్నది. ఆయన లేత చెస్ట్‌నట్ మొక్కల వేళ్ళను వేర్వేరు వాయువులలో ఉంచాడు. మామూలు గాలి తగిలిన వేళ్ళు గల మొక్కలు బ్రతికాయి. బొగ్గుపులుసు వాయువులోను, నైట్రోజనులోను, హైడ్రోజనులోను వేళ్ళుంచిన మొక్కలు చనిపోయాయి. ఆకులకు గాలి పుష్కలంగా ఉన్నా వాటిని కాపాడలేకపోయింది.

దీని అంతరార్థం నేడు సుబోధకం. నేలనుండి లవణాలను లోనికి లాగుకొనడానికి, కొత్త కణాలను పుట్టించడానికి వేరుకు శక్తి కావలెను. ఆకులు తయారుచేసి పంపిన చక్కెరను ఆక్సిజనుతో మండించి వేరు ఆ శక్తిని పొందుతుంది. మంచి మట్టిలో రేణువుల నడుమ సందులుంటాయి. కొన్ని సందులలో నీరు, కొన్నింటిలో గాలి నిలుస్తాయి. కుండీలో నీరు ఎక్కువై, అడుగున రంధ్రం లేకపోతే సందులన్నీ నీటితో నిండిపోతాయి. గాలిలో కన్న నీటిలో ఆక్సిజను దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వేరు ఊపిరాడక చనిపోతుంది. ఆ తరుణాన పిథియం, ఫైటాఫ్తొరా వంటి సూక్ష్మజీవులు సోకి కుళ్ళు పుట్టిస్తాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అందువల్లనే తడిమట్టిలో మొక్క దాహంతో వాడిపోతుంది. నీరు తక్కువైనా, ఎక్కువైనా ఆకులు చూపే గుర్తు ఒకటే. అదే పెంపకందారును మోసగిస్తున్నది.

చలువయంత్రాల గదిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వెలుతురు తక్కువైనచోట ఆకులనుండి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. కుండీలోని తడి చాలా రోజులు ఆరదు. పెరటి మొక్కకు పోసినట్లు రోజూ నీరు పోయడం అక్కడ ఉపకారం కాదు.

వేరుకు దారి చూపేదెవరు?

విత్తనాన్ని ఎట్లా పడవేసినా వేరు క్రిందికే పోతుంది. 1806లో ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్, నీటి ప్రవాహంతో గిరగిర తిరిగే చక్రానికి చిక్కుడు జాతి గింజలను కట్టి మొలిపించాడు. వేళ్ళు చక్రం వెలుపలి వైపుకు, మొలకలు ఇరుసు వైపుకు పెరిగాయి. భూమ్యాకర్షణవలెనే చక్రభ్రమణంవల్ల కలిగే బలం కూడ వేరుకు దిశ చూపుతుందని రుజువైనది.

ఆ బలాన్ని వేరులో ఏ భాగం పసికడుతుంది? చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలసి ప్రయోగాలు చేసి, వేరు కొనయే దానిని గ్రహిస్తుందని 1880లో ప్రకటించాడు. కొనను కోసివేస్తే వేరు పెరుగుతుంది గాని క్రిందికి వంగడం మరచిపోతుంది. మహావిద్వాంసుడైన జాక్స్ దీనిని అంగీకరించలేదు. ఐనా కాలక్రమాన డార్విన్ మాటే నిలిచింది. వేరు తొడుగు కణాలలోని బరువైన పిండి రేణువులు క్రిందికి దిగి దిశ తెలుపుతాయని 1900లో నేమెత్స్, హాబర్లాండ్ విడివిడిగా ప్రతిపాదించారు. 1885లో జర్మనీకి చెందిన ఫ్రాంక్, వేళ్ళతో పొత్తు కుదుర్చుకొనే శిలీంధ్రాలకు పేరు పెట్టాడు. అవి నేలలోని ఫాస్ఫరస్‌ను వేరుకు అందిస్తాయి. వేరు వాటికి చక్కెర నిస్తుంది.

కొమ్మనుండి వేరు

మనీప్లాంటు పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో టాహిటీ చెంతనున్న మొరేయా దీవి. అది పూయడం బహు అరుదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను దానిలో తగినంత తయారు కాకపోవడమే కారణమని 2016లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. పూవు లేదు, గింజ లేదు. ఐనా అది ప్రపంచమంతా వ్యాపించింది. ఎట్లా? కణుపునుండి వెలువడే అబ్బురపు వేళ్ళ మహిమవల్లనే. 1930-40 మధ్య కాలంలో ఆక్సిన్ అనే హార్మోను ఈ వేళ్ళను పుట్టిస్తుందని శాస్త్రజ్ఞులు నిరూపించారు. గాలి అంటు కట్టే తోటమాలికి ఆ పేరు తెలియకున్నా, పనితనం ఏనాడో తెలుసు.

పటాన్‌చెరువులో వేరు వేట

వేరును చూడాలంటే మట్టి తవ్వాలి; తవ్వితే వేరు తెగుతుంది. ఇదే ఈ శాస్త్రానికి పెద్ద చిక్కు. 1937లో అమెరికాలో డిట్మర్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టెలో నాలుగు నెలలు పెంచిన ఒక్క రై మొక్క వేళ్ళను కడిగి, కొన్నింటిని కొలిచి, మొత్తం లెక్కకట్టాడు. వేళ్ళ పొడవు 620 కిలోమీటర్లకు పైన, అనగా సుమారు హైదరాబాదునుండి చెన్నై వరకు! మూలకేశాలు 1400 కోట్లు!

హైటెక్ సిటీకి వాయవ్యాన, ముంబయి రోడ్డు మీద పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, ఇక్రిసాట్, ఈ చిక్కునే మరొక విధంగా ఎదుర్కొన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు 120 సెంటీమీటర్ల పొడవుగల ప్లాస్టిక్ గొట్టాలలో మట్టి నింపి శనగ మొక్కలను పెంచారు. పిదప మట్టిని కడిగి వేళ్ళను కొలిచారు. ఐ.సి.సి. 4958 అనే శనగ రకానికి గుబురైన వేరు వ్యవస్థ ఉన్నదని, అది కరవుకు తట్టుకొంటుందని తేలింది. ఆ గుణాలకు సంబంధించిన జన్యు భాగాన్ని ఆంధ్ర రైతులకు సుపరిచితమైన జె.జి. 11 రకంలోనికి చేర్చిన ఫలితాన్ని 2013లో ప్రకటించారు. వానలేని పొలంలో పంట నిలవడమో, పోవడమో వేరుమీద ఆధారపడి ఉన్నది.

గదిగాలిని శుద్ధిచేసేది వేరేనా?

1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన వుల్వర్టన్, మూసిన పెట్టెలలో కుండీ మొక్కలుంచి, బెంజీను వంటి విషవాయువులు తగ్గడం గమనించాడు. ఆకులకన్న వేరు చుట్టూ ఉన్న మట్టి, అందులోని సూక్ష్మజీవులు ఈ పనిలో ముఖ్యమని ఆయన వివరించాడు. ఐతే కార్యాలయం మూసిన పెట్టె కాదు. 2019లో కమింగ్స్, వేరింగ్ అనే శాస్త్రజ్ఞులు పూర్వ ప్రయోగాలన్నీ మళ్ళీ లెక్కకట్టారు. భవనంలోనికి వచ్చిపోయే గాలి చేసే పనికి సాటిరావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలైనా కావలెనని తేల్చారు. కనుక కుండీ మొక్క కిటికీకి బదులు కాదు. దానిని పెంచడానికి దాని పచ్చదనమే చాలినంత కారణం.

సైబరాబాదు నేల అడుగున కఠినమైన గ్రానైటు శిల ఉన్నది. రాతిలో తవ్విన గోతిలో నాటిన వీధి చెట్టుకు ఆ గొయ్యి కూడ పెద్ద కుండీవంటిదే. లోపలి మొక్కకైనా, వెలుపలి చెట్టుకైనా వేరు కోరేది ఒకటే: తడి, గాలి, చోటు.

పాఠశాలలో విద్యార్థులు దీనిని సులువుగా పరీక్షించవచ్చును. కణుపులున్న మనీప్లాంటు కొమ్మలను రెండు సీసాలలో ఉంచాలి. ఒకదానిలోని నీటిని తరచు మార్చాలి. రెండవదానిలో కాచి చల్లార్చిన నీరు పోసి, పైన పలుచగా నూనె వేయాలి. కొన్ని వారాల పాటు రెండింటి వేళ్ళను పోల్చి చూస్తే, సొస్యూర్ చెప్పిన మాట కళ్ళెదుట కనబడుతుంది. ఇకమీదట కుండీ మొక్క ఆకులు వాల్చినపుడు చెంబు అందుకొనే ముందు మట్టిలో వేలు పెట్టి చూడడం మేలు. మట్టి తడిగా ఉంటే మొక్కను మెల్లగా పైకి తీసి వేళ్ళు చూడాలి. తెల్లగా, గట్టిగా ఉంటే క్షేమం. గోధుమరంగు తిరిగి, మెత్తబడి, వాసన వేస్తుంటే దానికి కావలసినది నీరు కాదు, గాలి.