కరెంటు పోతే మేడ మీద సోలార్ కూడా ఎందుకు ఆగిపోతుంది? మైక్రోగ్రిడ్ అంటే ఏంటి?

మీ మేడ మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. అయినా వీధిలో కరెంటు పోగానే మీ ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోతుంది. ఇది లోపం కాదు, భద్రతా నిబంధన. లైన్‌లో సరఫరా ఆగితే, బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ వెంటనే ఆగిపోవాలి. లేదంటే మీ ప్యానెళ్ల కరెంటు వీధి తీగల్లోకి పారి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయొచ్చు.

మరి తుపాను వేళ ఆసుపత్రులకు, తాగునీటి పంపులకు కరెంటు ఎలా? దానికి ఒక జవాబు మైక్రోగ్రిడ్.

ఎలా పనిచేస్తుంది?

ఆసుపత్రి, క్యాంపస్ లేదా కాలనీకి పరిమితమైన చిన్న విద్యుత్ వ్యవస్థ ఇది. ఇందులో సోలార్, బ్యాటరీ, జనరేటర్ లాంటివి ఉంటాయి. వాటన్నిటినీ ఒక కంట్రోలర్ నడిపిస్తుంది. మామూలు రోజుల్లో ఇది పెద్ద గ్రిడ్‌తో కలిసే ఉంటుంది. గ్రిడ్‌లో సరఫరా ఆగితే దాని నుంచి విడిపోయి, లోపల సొంతంగా కరెంటు ఇస్తుంది. దీన్నే ‘ఐలాండింగ్’ అంటారు. బయటి లైన్‌తో సంబంధం తెగిపోతుంది కాబట్టి లైన్‌మన్‌కు ముప్పు ఉండదు.

డీజిల్ జనరేటర్ చాలదా?

కొన్ని గంటలకైతే చాలు. రోడ్లు మూసుకుపోయి రోజుల తరబడి కరెంటు లేకపోతే డీజిల్ దొరకడమే కష్టం. పైగా జనరేటర్ మిగతా రోజుల్లో ఊరికే పడి ఉంటుంది. మైక్రోగ్రిడ్‌లోని సోలార్, బ్యాటరీ మాత్రం రోజూ పనిచేసి బిల్లు తగ్గిస్తాయి.

ప్రభుత్వ సాయం ఎందుకు?

పెట్టుబడి ఆసుపత్రిది, విపత్తు రోజున మేలు ఊరందరిదీ. బిల్లులో మిగిలే డబ్బు ఒక్కటే చూసుకుంటే చాలాచోట్ల లెక్క కుదరదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఆ లోటు పూడ్చేందుకు ముందుకొచ్చాయి.

కనెక్టికట్: 2011లో ఐరీన్ తుపాను, ఆ వెంటనే అక్టోబరులో మంచు తుపాను కరెంటు వ్యవస్థను దెబ్బతీశాయి. 2012లో రాష్ట్రం చట్టం చేసింది. మరుసటి ఏడాది 9 ప్రాజెక్టులకు 1.8 కోట్ల డాలర్లు ప్రకటించింది.

టెక్సాస్: డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో ఉండే తెలుగువాళ్లకు 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. మంచు తుపానుకు 45 లక్షలకు పైగా ఇళ్లు, భవనాలు చీకట్లో గడిపాయి. అధికారిక లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. గ్రిడ్ పూర్తిగా కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఆగింది. 2023లో చేసిన చట్టంలో, అత్యవసర సేవలందించే సంస్థల బ్యాకప్ కరెంటుకు సాయం చేర్చారు. ఆ వ్యవస్థ కనీసం 48 గంటలు నడవాలి, గ్రిడ్ నుంచి విడిపోగలగాలి అన్నవి షరతులు.

మన దగ్గర?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని రోజుల తరబడి చీకట్లోకి నెట్టింది. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. గాలికి తీగలు తెగకుండా ఇవి కాపాడతాయి. కానీ పైనుంచి సరఫరాయే ఆగిపోతే కేబుల్ ఏమీ చేయలేదు. అప్పుడు కావాల్సింది స్థానికంగా కరెంటు తయారీ, నిల్వ.

పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆపైన సోలార్‌కు గరిష్ఠంగా రూ.78,000 సబ్సిడీ ఇస్తారు. దీన్ని ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టే లెక్కిస్తారు, బ్యాటరీని బట్టి కాదు.

మీరేం చేయొచ్చు?

* సోలార్ పెట్టించే ముందు ‘కరెంటు పోతే ఇది పనిచేస్తుందా?’ అని అడగండి. పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి.
* ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్ల లాంటి తప్పనిసరి వాటికే వేరే సర్క్యూట్ వేయిస్తే చిన్న బ్యాటరీ సరిపోతుంది.
* అపార్ట్‌మెంట్ అయితే ముందు నీళ్ల మోటారు, లిఫ్టు, మెట్ల లైట్లకు ఎంత లోడు కావాలో లెక్క వేయించండి. డిస్కం అనుమతి లేకుండా గ్రిడ్‌కు ఏదీ కలపొద్దు.