పెరంబూరు మిల్లులో పది నిమిషాలు

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల ఖాకీ గుడ్డకు తెగ గిరాకీ. బిన్నీ కంపెనీ నడిపిన ఆ మిల్లుల్లో కార్మికులకు మధ్యాహ్నం అన్నానికి దొరికేది అరగంట. ఆలోపే మగ్గం ఆపి బయటికి రావాలి, నాలుగు ముద్దలు మింగాలి, మళ్లీ లోపలికి పరుగెత్తాలి. 1911 నాటి ఫ్యాక్టరీల చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్ల చేత రోజుకు 12 గంటలు పని చేయించుకోనిచ్చేది. ఆపైన అజమాయిషీదారుల తిట్లు, దెబ్బలు.

ఇంకో పది నిమిషాలు ఇవ్వండని ఒక్కడే వెళ్లి అడిగితే? మర్నాడు ఆ మగ్గం దగ్గర ఇంకొకడు ఉంటాడు.

మిల్లుల దగ్గర వ్యాపారం చేసుకునే సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు ఒక ఆధ్యాత్మిక సభ నడిపేవారు. అక్కడికి వచ్చే కార్మికులు తమ గోడు వెళ్లబోసుకునేవారు. ఆ ఇద్దరూ తమిళ పత్రికా సంపాదకుడు తిరు.వి.కళ్యాణసుందర ముదలియార్‌ను పిలిచి మాట్లాడించారు. అనీబిసెంట్ సహచరుడు బి.పి.వాడియాను వెతుక్కుంటూ వెళ్లారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. దేశంలో ఒక పద్ధతి ప్రకారం పుట్టిన తొలి కార్మిక సంఘంగా దీన్నే చెబుతారు. భోజన విరామం 40 నిమిషాలు కావాలన్నది వాళ్ల తొలి కోరికల్లో ఒకటి. విడివిడిగా ఎవరూ నోరెత్తలేని ఆ పది నిమిషాలను సంఘం సాధించింది.

కంపెనీ దీన్ని మరిచిపోలేదు. 1920 చివర బకింగ్‌హామ్ మిల్లులో గొడవ ముదిరి లాకౌట్ దాకా వెళ్లింది. డిసెంబరులో పోలీసు కాల్పులకు ఇద్దరు బలయ్యారు. కార్మికులను ఒప్పందం తప్పేలా పురిగొల్పారంటూ వాడియా మీద, ఇతర నాయకుల మీద కంపెనీ మద్రాసు హైకోర్టుకెక్కి నష్టపరిహారం అడిగింది. కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. బ్రిటన్‌లో సంఘాలకు ఇలాంటి దావాల నుంచి 1906లోనే చట్టం రక్షణ కల్పించింది. సొంత దేశంలో చెల్లని ఆయుధాన్ని బ్రిటిష్ కంపెనీ పెరంబూరు నేతగాళ్ల మీద ప్రయోగించింది. చివరికి రాజీ కుదిరింది కానీ, అందుకు వాడియా యూనియన్‌ను వదులుకోవాల్సి వచ్చింది.

1921లో మరో సమ్మె నెలల తరబడి సాగింది. ఆదిద్రావిడ (దళిత) కార్మికుల్లో చాలామంది ముందే పనిలోకి వెళ్లిపోయారు. వాళ్లను ద్రోహులనేయడం తేలికే. వాడల్లో వాళ్లు పడే అవమానాన్ని తనదిగా తలచని సంఘం, సమ్మె నాడు మాత్రం కలిసి రమ్మంటే ఆకలితో ఉన్న కుటుంబం ఎలా నమ్ముతుంది? ఆ చీలిక యాజమాన్యానికి కలిసొచ్చింది. పులియాంతోపులో ఇళ్లు తగలబడ్డాయి, సమ్మె ఓడింది. యూనియన్ అవసరాన్ని చెప్పేవాళ్లెవరూ ఈ ఘట్టాన్ని దాటేయకూడదు.

హైకోర్టు కేసు మాత్రం దేశమంతా చర్చకు దారితీసింది. సంఘాలకు చట్టరక్షణ కావాలని ఎన్.ఎం.జోషి 1921లో కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. రిజిస్టరైన సంఘం సమ్మెకు పిలుపిచ్చినంత మాత్రాన ఒప్పందం చెడగొట్టిందంటూ దాని మీద దావా వేయడం ఇక కుదరదు. రైల్వే కార్మికులను కూడగట్టిన తెలుగువాడు వి.వి.గిరి తరానికి ఇది పెద్ద అండ.

ఒక లోటు మిగిలింది. సంఘాన్ని పెట్టుకునే హక్కు దక్కింది కానీ, ఆ సంఘంతో యజమాని కూర్చుని మాట్లాడి తీరాలన్న నిబంధన ఆ చట్టంలో లేదు. సంఘానికి యజమాని గుర్తింపును తప్పనిసరి చేస్తూ 1947లో సవరణ చేశారు. దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్‌ను ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.