సూర్యప్రకాశ్ చిత్రాలు – ఆకారం కరిగిన చోట

నైరూప్య చిత్రం ముందు నిలబడగానే మనలో చాలామందికి కలిగే సందేహం, "ఇంతకీ ఇది ఏమిటి?" అన్నదే. సమాధానం దొరకకపోతే పడమటి దేశాల అనుకరణ అని తేల్చి ముందుకు సాగిపోతాము. ఆ తీర్పు తొందరపాటు అనడానికి సూర్యప్రకాశ్ చిత్రప్రస్థానం ఒక్కటి చాలునని నా అభిప్రాయం.

ఆయన 1940లో మధిరలో జన్మించారు. హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, 1960ల తొలినాళ్ళలో ఢిల్లీలో రామ్ కుమార్ వద్ద శిక్షణ పొందారు. ఆ రోజులలోనే రామ్ కుమార్ కాశీని చిత్రిస్తూ, కాన్వాసు మీదనుంచి మనుషులను తప్పించి, మెట్లను, గోడలను, నదిని రంగుల పలకలుగా మార్చుకుంటున్నారు.

శిష్యుడు గురువుగారి కాశీని వెంట తెచ్చుకోలేదు. తుక్కుగా పడివున్న మోటారు వాహనాలను తన వస్తువుగా ఎంచుకున్నారు. వంగిన రేకులు, తుప్పు రంగులు, యంత్రాల డొల్లలు ఆయన చిత్రాలలో మరో ప్రకృతిగా మారాయి. ఆ తరువాత ఎండుటాకులు వచ్చాయి, కొలనులు వచ్చాయి. వస్తువు మారినా పద్ధతి ఒక్కటే: ఎదుట ఉన్నదానిని దాని పేరు మరచిపోయేంత సేపు చూడడం.

తైలవర్ణాలతో పాటు ఆయన అక్రిలిక్‌ను కూడా వాడారు. నీటితో కలిపే అక్రిలిక్ రంగులు చిత్రకారులకు అమెరికాలో 1950ల మధ్యకాలంలో అందుబాటులోకి వచ్చాయి. తైలం గాలిలోని ఆమ్లజనితో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పలుచని పూతకైనా రోజులు పడుతుంది. అక్రిలిక్‌లో నీరు ఆవిరైపోగానే, నిమిషాలలోనే, రంగు పొరగా నిలుస్తుంది; మళ్ళీ నీటికి కరగదు. కనుక పలుచని పొర మీద మరొక పొరను వెంటవెంటనే వేయవచ్చు. రజా కూడా 1962లో బర్క్‌లీలో బోధించి వచ్చిన తరువాత తైలం నుంచి అక్రిలిక్ వైపు మళ్ళారు.

సూర్యప్రకాశ్ హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఆస్థాన చిత్రకారుడిగా ఉండేవారు. కొలనులు చిత్రించిన మోనే 1923లో కంటిపొర శస్త్రచికిత్స చేయించుకున్న సంగతి ఇక్కడ నాకు గుర్తుకు వస్తుంది. చూపు కోసం జనం వచ్చే చోట, చూడడమే విషయంగా గల చిత్రాలు ఉండడం ఎంతో సముచితం.

సూర్యప్రకాశ్ 2019లో కన్నుమూశారు. ఆయన చిత్రాలను అచ్చులో చూస్తే రంగు కనిపిస్తుంది గాని పొరలు కనిపించవు. అసలు చిత్రం చూడాలంటే మా తిమ్మాజిపేటవారు హైదరాబాదు వెళ్ళవలసినదే. వేసవిలో చెరువు అడుగున విచ్చిన నెర్రెలను, తుప్పెక్కిన మోటారు పంపులను నిత్యం చూసే మావారికి ఈ చిత్రాలు పరాయివి కావు. ఇటువంటి ప్రదర్శనలు జిల్లా పట్టణాలకు రావాలి. వస్తే, "ఇది ఏమిటి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలవారు మా ఊళ్ళలోనే ఉంటారు.