తిరుగు ఖర్చు ముందు తీసి పెట్టండి



పోయిన ఆదివారం మీటింగులో మన పిల్లలు ఫిలిప్పీన్స్ ట్రిప్పు బడ్జెట్ కాగితం నా చేతికిచ్చారు. డుమగెటె అని సముద్రం ఒడ్డున చిన్న ఊరట. "అంకుల్, మీరు రైల్వేలో లెక్కలు రాసినవారు, ఒకసారి చూడండి" అన్నారు. చూశాను. విమానం, హోటలు, తిండి, పడవ అన్నీ వేశారు. కూడికలో తప్పు లేదు. తిరుగు టికెట్టు దగ్గర మాత్రం "ఆఫర్ వచ్చినప్పుడు తీసుకుందాం" అని రాశారు. అక్కడ ఆగిపోయాను.

ఒక అమ్మాయి అంది: "మన ఇళ్ళల్లో ఎవరూ ఫారిన్ పోలేదు అంకుల్, అందుకే తెలియడం లేదు." అది నిజం కాదమ్మా. మీ తాతలు బొంబాయి నుంచి ఊరికి పోవడమే ఒక ఫారిన్ ట్రిప్పు. ఆ కథ రాద్దామనే ఇది మొదలుపెట్టాను. నేను చదివింది ధారావి దగ్గర తమిళ బడిలో. తెలుగు అక్షరాలు మా నాన్న లెక్కల పుస్తకంలో కూడబలుక్కుని నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకోండి.

1784లో హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు కట్టి సముద్రపు నీటిని ఆపాక, బొంబాయి మధ్యలో ఉన్న పల్లపు నేల బయటపడింది. ఆ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు మనుషులు ఇక్కడికి వచ్చి మట్టి మోశారు, రోడ్లు వేశారు, ఇళ్ళు కట్టారు. వాళ్ళను కామాఠీలు అన్నారు, వాళ్ళున్న చోటు కామాఠీపురా అయింది. అప్పటికి రైలు లేదు. హైదరాబాదు ఇక్కడికి సుమారు 700 కిలోమీటర్లు. పిల్లలతో, మూటలతో నడిస్తే నెల రోజులు. నెల నడక అంటే నెల తిండి ఖర్చు, నెల కూలి నష్టం. పోను ఒక నెల, రాను ఒక నెల. ఊరికి పోదామన్న మాట ఎన్ని ఇళ్ళల్లో నోటి దాకా వచ్చి ఆగిపోయిందో!

1853లో బోరీబందర్ నుంచి ఠాణాకు మొదటి రైలు నడిచింది. 1860కి లైను షోలాపూర్ చేరింది, 1871కి రాయచూరు చేరి మద్రాసు లైనుతో కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం లైను పడింది. నెల నడక రెండు రోజుల ప్రయాణం అయింది. మా తాతది నారాయణపేట దగ్గర పల్లె. రాయచూరు బండి ఎక్కి నారాయణపేట రోడ్ స్టేషన్లో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి. నిజామాబాదు వైపు వాళ్ళకు మన్మాడ్‌లో బండి మారడం ఉండేది. మారిన చోట కూలీ, టీ, రాత్రి ప్లాట్‌ఫారం మీద పడిగాపులు. మా నాన్న పుస్తకంలో దీనికి వేరే పద్దే ఉంది: "నడుమ ఖర్చు". పిల్లల కాగితంలో మనీలాలో విమానం మారే చోట ఆ గడి ఖాళీగా ఉంది.

ఇక డబ్బు మార్పు. ఇక్కడ చెల్లేది ఇంగ్లీషు సర్కారు కల్దార్ రూపాయి. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా. సర్కారు లెక్క ప్రకారం 6 కల్దార్లకు 7 హాలీ రూపాయలు. అంటే నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు. మా తాత 60 కల్దార్లు పట్టుకుపోతే అక్కడ 70 అయ్యేవి. 10 రూపాయలు లాభం అనుకుని ఖుషీగా ఖర్చు పెట్టేవాడట. అక్కడి ధరలూ హాలీలోనే కదా! మిగిలింది మళ్ళీ మార్చితే ఏడుకు ఆరే. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి షరాబు తన వట్టం పట్టుకునేవాడు. పెసోలకైనా అంతే. రెండుసార్లు మార్చితే రెండుసార్లు నష్టం, ఆ పద్దు రాసుకోవాలి.

మూడోది సుంకం. నిజాం రాజ్యంలోకి పోయే సరుకు మీద నూటికి 5 చొప్పున కరోడ్‌గిరి వేసేవారు. నారాయణపేట చీరల ఊరు, అయినా ఆడపడుచులకు బొంబాయి మిల్లు చీరే కావాలి! అందుకని మా నాయనమ్మ కొత్త చీరలు ఒకసారి తడిపి ఆరేసి మడత పెట్టేదట, నాకా వాడికి పాతబట్టలా కనపడాలని. 1948లో హైదరాబాదు మన దేశంలో కలిశాక కూడా హాలీ సిక్కా కొన్నేళ్ళు నడిచింది. అంటే మన ఊరు మనకు ఫారిన్ కాకుండా పోయి ఇంకా నూరేళ్ళు కాలేదు.

ఇప్పుడు అసలు మాట. 1957, నయా పైసలు వచ్చిన ఏడు. మా నాన్న ఇక్కడ ఒక మిల్లులో బద్లీ కార్మికుడు. చెల్లెలి పెళ్ళికని ఊరికి పోయాడు. తిరుగు టికెట్టు డబ్బు మొలకు కట్టుకునే పోయాడు. పెళ్ళిలో ఏదో తక్కువ పడింది. అన్న మొలలో డబ్బు ఉందని తెలిసి ఎవరు ఊరుకుంటారు? తీసి ఇచ్చాడు. మళ్ళీ అప్పు పుట్టి రైలెక్కేసరికి నెల దాటింది. వచ్చేసరికి బద్లీ పని పోయింది. మూడేళ్ళు హమాలీ చేశాడు. ఆ పేజీలో కూడికలేమీ లేవు, ఒక్క మాటే ఉంది: "తిరుగు ఖర్చు పోయింది."

ఆ తర్వాత ఎప్పుడు ఊరికి పోయినా తిరుగు డబ్బు వెంట తీసుకుపోలేదు. చాల్‌లో పక్క గది అక్క దగ్గర పెట్టి పోయేవాడు. ఉత్తరం రాస్తే ఆమె మనియార్డరు చేసేది. చేతిలో లేని డబ్బును ఎవరూ అడగరు, మనమూ తీయం.

టికెట్ కౌంటర్లో నేను కూర్చున్న ఏళ్ళల్లో కూడా మనవాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చి "పోయేదానికి ఇవ్వండి సారూ, వచ్చేది తర్వాత చూద్దాం" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాన్న గుర్తొచ్చేవాడు.

ఫిలిప్పీన్స్‌కూ ఇలాంటి కథ ఒకటి ఉంది. 1762లో ఇంగ్లీషువాళ్ళు మద్రాసు నుంచి సైన్యం పంపి మనీలాను పట్టుకున్నారు. 1764లో సైన్యం వెనక్కి వచ్చేసింది. కొందరు మద్రాసు సిపాయిలు మాత్రం రాలేదు. మనీలా దగ్గర కైంతా అనే ఊళ్ళో ఉండిపోయారు. వాళ్ళ వంశస్థులు ఇప్పటికీ అక్కడున్నారు. కామాఠీపురా కూడా అలా ఉండిపోయిన వాళ్ళ ఊరే. ఉండిపోవడం తప్పు కాదు. కానీ ఇష్టపడి ఉండటం వేరు, తిరుగు డబ్బు లేక ఉండటం వేరు.

కాబట్టి పిల్లలూ, ఇవి చేయండి. రానూపోనూ టికెట్లు ఒకేసారి తీయండి. మనకు 2025లో 14 రోజులు వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టారు, కానీ తిరుగు టికెట్టు చూపించాలన్నారు. నడుమ ఖర్చు, మారకం నష్టం వేరే గడుల్లో రాయండి. అక్కడ తుఫానులు ఎక్కువ, పడవ ఆగిపోతే రెండు రోజుల తిండి, గది అదనంగా పట్టుకోండి. తలా కొంత తీసి మన కోశాధికారి దగ్గర ముంబైలోనే ఉంచండి, అవసరమైతే పంపుతారు. సంఘం చిట్టీలో అప్పు తీసుకుని వచ్చేవాళ్ళు నాలుగు ఇళ్ళవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసమైనా ఈ పని ముందు చేయండి.

ఇవన్నీ వేసి కాగితం మళ్ళీ తెండి. అప్పుడు నా పేరు కూడా రాసుకోండి, నేనూ వస్తాను.