పిలిస్తే వెళ్ళిన కర్ణుడు

2013 వసంతంలో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్ ఒక క్రీడాపత్రికతో మనసు విప్పి మాట్లాడాడు. హైస్కూల్లో ఆడేటప్పుడు దేశం మొత్తంలో రెండో ఆటగాడన్నారు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోకి వచ్చేటప్పుడు జట్ల ఎంపికలో రెండో పేరు అతనిది. సీజన్ అత్యుత్తమ ఆటగాణ్ణి ఎన్నుకునే ఎంవీపీ ఓటింగులో మూడుసార్లు రెండో స్థానం. ఫైనల్స్‌ దాకా వెళ్తే అక్కడా రెండో జట్టే. రెండోవాడిగా ఉండి ఉండి విసిగిపోయానన్నాడు. అప్పటికి అతని వయసు 24.

ఆ తర్వాత అతను రెండు ఛాంపియన్‌షిప్పులు గెలిచాడు. రెండుసార్లూ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. 2025 ఫిబ్రవరిలో ముప్పై వేల పాయింట్లు దాటాడు. ఎన్‌బీఏ చరిత్రలో అంతవరకూ వెళ్ళినవాళ్ళలో ఎనిమిదోవాడు. ఇన్ని గెలిచినవాడి కథను పతనమని ఎలా అంటారని ఎవరైనా అడగొచ్చు. అతని ఆటను ఇన్నేళ్ళుగా ప్రేమించినవాణ్ణి కాబట్టి ఆ మాట అనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఏ ఆకలితో అతను ఆ గెలుపు వెంట పడ్డాడో ఆ ఆకలి తీరలేదు. మొదటివాడు అనిపించుకోవాలని వెళ్ళాడు. గెలిచాక కూడా లోకం ఆ మాట అనలేదు.

వాషింగ్టన్ పక్కన సీట్ ప్లెజంట్ అనే చిన్న ఊరు అతనిది. తల్లి వాండా ఒంటి చేత్తో పిల్లల్ని పెంచింది. చిన్నప్పుడు ఆట నేర్పిన కోచ్ చార్లెస్ క్రెయిగ్ 35 ఏళ్ళ వయసులో తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు. డ్యురాంట్ వీపు మీద 35 అంకె వేసుకున్నది ఆ మనిషి కోసం. దాదాపు ఏడడుగుల ఎత్తు, గడకర్రలాంటి చేతులు. ఆ ఎత్తువాళ్ళు సాధారణంగా బుట్ట కింద నిలబడి ఆడతారు. ఇతను పొట్టివాళ్ళలా బంతిని నేలకు కొట్టుకుంటూ వచ్చి, ఎవరి చెయ్యీ అందని ఎత్తునుంచి విసిరేవాడు. అడ్డుకోవడానికి ఎగిరినవాళ్ళ వేళ్ళకు గాలే తగిలేది.

2007లో అతన్ని తీసుకున్నది సియాటిల్ సూపర్‌సోనిక్స్. ఏడాది తిరిగేసరికి యజమానులు ఆ జట్టును ఓక్లహోమా సిటీకి తరలించుకుపోయారు. 41 ఏళ్ళు తమదనుకున్న జట్టును సియాటిల్ వాళ్ళు పోగొట్టుకున్నారు. ఒప్పందంలో భాగంగా నగరానికి నాలుగున్నర కోట్ల డాలర్లు ముట్టాయి, అంతే. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, 2016లో డ్యురాంట్ వదిలి వెళ్ళిపోయినప్పుడు గుండెలు బాదుకున్న ఊరికి ఆ జట్టు ఇంకో ఊరు ఏడుస్తుంటే వచ్చింది.

అయినా ఓక్లహోమా సిటీని తప్పు పట్టడానికి మనసొప్పదు. 1995 ఏప్రిల్ 19న బాంబు పేలి 168 మంది చనిపోయిన ఊరది. బయటి ప్రపంచం ఆ ఊరి పేరు విన్నది ఆ ఒక్క కారణంతోనే. అలాంటి చోటికి థండర్ అని కొత్త పేరు పెట్టుకుని కుర్రాళ్ళ జట్టొకటి వచ్చింది. జట్టులో చేరే ప్రతి కొత్త ఆటగాడినీ ముందు ఆ బాంబు మృతుల స్మారకం దగ్గరికి తీసుకెళ్ళడం అక్కడ ఆనవాయితీ. మొదటి ఏడాది 23 గెలిచి 59 ఓడారు. మరుసటి ఏడాది 50 గెలిచారు. 2012లో ఏకంగా ఫైనల్స్‌కి వెళ్ళారు. డ్యురాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్, జేమ్స్ హార్డెన్, సెర్జ్ ఇబాకా. నలుగురిలో ఒక్కడికీ ఇరవై నాలుగు నిండలేదు. మయామీ చేతిలో 4-1తో ఓడినా, వీళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారనే అందరం అనుకున్నాం. ఆ నలుగురూ కలిసి మళ్ళీ ఒక్క సీజన్ కూడా ఆడలేదు. ఆ అక్టోబరులోనే హార్డెన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. అతను అడిగిన జీతానికీ జట్టు ఇస్తానన్నదానికీ మధ్య తేడా కొన్ని మిలియన్ల డాలర్లు. విశ్వాసం గురించి మాట్లాడేటప్పుడు అభిమానులు ఈ ఒప్పందాన్ని తలుచుకోరు. లెక్క చూసుకుని ముందు చెయ్యి వదిలింది జట్టే.

డ్యురాంట్ మాత్రం ఆ ఊరికి సొంత బిడ్డయ్యాడు. 2010 జులైలో లెబ్రాన్ జేమ్స్ టీవీలో గంటసేపు కార్యక్రమం పెట్టి మయామీకి వెళ్తున్నానని ప్రకటించిన వారంలోనే, ఇతను ఒక చిన్న ట్వీట్‌తో థండర్‌లో మరో ఐదేళ్ళు ఉంటానని చెప్పి ఊరుకున్నాడు. అందరూ పెద్ద జట్లలో చేరాలని ఎగబడటమేమిటి, ఎదురు నిలబడి ఆడాలి గానీ అని ఆ రోజుల్లో అతనే రాశాడు. 2013లో పక్కనున్న మూర్ పట్టణాన్ని సుడిగాలి ఊడ్చేసినప్పుడు పది లక్షల డాలర్లు ఇచ్చాడు. ఓక్లహోమా సిటీలోని బ్రిక్‌టౌన్‌లో తన పేరుతో హోటల్ తెరిచాడు. 2014లో ఎంవీపీ అందుకుంటూ, పిల్లలకు పెట్టి తను పస్తు పడుకున్న తల్లిని చూపించి ఈ గౌరవం ఆమెదేనని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. బాస్కెట్‌బాల్ తెలియనివాళ్ళు కూడా ఆ ప్రసంగం చూసి ఏడ్చారు.

ఇక 2016 మే 28. నా దృష్టిలో ఈ కథ మలుపు తిరిగింది అతను జట్టు వదిలిన జులైలో కాదు, ఆ రాత్రే.

ఆ సీజన్లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 82 మ్యాచుల్లో 73 గెలిచారు. అన్ని గెలుపులు అంతకుముందు ఎవరికీ లేవు. అలాంటి జట్టు మీద ఏడు మ్యాచుల పశ్చిమ విభాగపు ఫైనల్స్‌లో థండర్ 3-1 ఆధిక్యంలో ఉంది. ఐదోది ఓడినా, ఆరోది సొంత గడ్డ మీద. కుర్చీ కుర్చీకీ పరిచి ఉంచిన టీషర్టులు తొడుక్కుని ఊరంతా నిలబడింది. ఇంకో ఐదు నిమిషాలుందనగా థండర్ 96, వారియర్స్ 89. ఇంకొక్క ఐదు నిమిషాలు కాచుకుంటే ఫైనల్స్. అక్కణ్ణుంచి ఆ జట్టు చేసింది ఐదు పాయింట్లు. అవతలివాళ్ళు 19. క్లే థాంప్సన్ మూడు పాయింట్ల గీతకు ఎంతో వెనకనుంచి, ఒంటి మీద మనిషి ఉండగానే విసిరినవి కూడా వలలో పడ్డాయి. మూడు పాయింట్లవి మొత్తం 11. టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో ఒక మ్యాచ్‌కు అది కొత్త రికార్డు. ఇటు చూస్తే బంతి వెస్ట్‌బ్రూక్ చేతుల్లోంచి జారిపోతోంది. డ్యురాంట్ తొందరపడి విసురుతున్నాడు. ఆ రాత్రి అతను 31 సార్లు విసిరితే పదే పడ్డాయి. 108-101. రెండు రోజుల తర్వాత ఏడో మ్యాచ్ కూడా పోయింది. వారియర్స్ ఫైనల్స్‌లో అదే 3-1 ఆధిక్యాన్ని తామూ పోగొట్టుకుని క్లీవ్‌లాండ్ చేతిలో ఓడిపోయారు.

జులై మొదటివారంలో న్యూయార్క్ దగ్గర హాంప్టన్స్‌లో ఒక అద్దె ఇంట్లో డ్యురాంట్ కూర్చుంటే జట్లన్నీ వరసగా వచ్చి అడిగాయి. వారియర్స్ తరఫున స్టెఫ్ కర్రీ, థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్, ఆండ్రె ఇగ్వొదాలా స్వయంగా వచ్చారు. తనను ఓడించినవాళ్ళే వచ్చి మాతో కలువు అన్నారు. జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, అతను వాళ్ళతో వెళ్ళిపోతున్నట్టు రాసి ప్రకటించాడు. రెండేళ్ళకు 5 కోట్ల 43 లక్షల డాలర్లు.

అది కుదరడం వెనక డబ్బు లెక్క కూడా ఉంది. కొత్త టీవీ ఒప్పందం డబ్బు ఒక్కసారిగా వచ్చిపడటంతో జట్ల జీతాల పరిమితి 7 కోట్లనుంచి 9 కోట్ల 41 లక్షల డాలర్లకు ఎగిరింది. పెంపును ఏడాదికింత చొప్పున పంచుదామని లీగ్ అంటే ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోలేదు. మరోపక్క, చీలమండ గాయాల రోజుల్లో కర్రీ తక్కువ జీతానికి చేసుకున్న పాత కాంట్రాక్టు ఇంకా నడుస్తోంది. ఈ రెండూ ఒకే వేసవిలో కలిశాయి. ఇంకో ఏడాదైతే ఆ తలుపు మూసి ఉండేది.

ఓక్లహోమా సిటీలో 35 నంబరు జెర్సీలు తగలబెట్టారు. వెస్ట్‌బ్రూక్ పళ్ళెంలో కప్‌కేకుల ఫొటో ఒకటి పెట్టాడు. మెత్తగా ఆడేవాణ్ణి ఆ జట్టులో కప్‌కేక్ అని వెక్కిరించేవారట. బ్రిక్‌టౌన్ హోటల్ పేరు మార్చేశారు. అప్పుడు మొదలైన వాదన ఇవాళ్టికీ ఆగలేదు. ఉద్యోగం మారడం ఎవరి హక్కయినా అని ఒకవైపు. పిరికివాడు, గెలిచే జట్టులో చేరి గెలవడం గొప్పా అని ఇంకోవైపు. చార్లెస్ బార్క్‌లీ లాంటి పాత దిగ్గజాలూ ఈ రెండోవైపే నిలబడ్డారు. ఆ బార్క్‌లీ కూడా ఒకప్పుడు టైటిల్ కోసమే జట్లు మారాడు. గెలవలేదు గనక ఎవరికీ గుర్తులేదు.

మనకు ఈ బాధ తెలియంది కాదు. రాయబారం చెడి తిరిగి వెళ్తూ కృష్ణుడు కర్ణుణ్ణి రథం ఎక్కించుకుని రమ్మంటాడు. పెద్దవాడివి నువ్వే, రాజ్యం నీదే అంటాడు. ఓడిపోతామని తెలిసీ కర్ణుడు రానంటాడు. ఆ ఒక్కమాటకే తెలుగువాళ్ళు అతని తప్పులన్నీ మాఫీ చేసి వేల ఏళ్ళ నాటి మనిషిని ఇంట్లోవాడిలా చూసుకుంటున్నారు. డ్యురాంట్ పిలిస్తే వెళ్ళిన కర్ణుడు. హక్కు లేదని నేననను. లేదనే అధికారం ఎవరికీ లేదు, హార్డెన్‌ను అమ్ముకున్న యాజమాన్యానికి అసలే లేదు. కానీ చేతికొచ్చిన సిరీస్ పోగొట్టుకున్నవాడు మళ్ళీ వాళ్ళమీదే నిలబడి గెలిచి ఉంటే ఎలా ఉండేదో చూసే అవకాశం మనందరికీ పోయింది. అభిమానులు తిట్లరూపంలో ఏడ్చింది దాని కోసమేనని నాకనిపిస్తుంది.

2017 ఫిబ్రవరి 11న అతను వారియర్స్ జెర్సీతో ఆ ఊరికి తిరిగొచ్చాడు. ఇంటి గోడలా తెలిసిన ఆ హాల్లో బంతి ముట్టుకున్న ప్రతిసారీ కేకలు, కప్‌కేక్ బొమ్మల టీషర్టులు. వెస్ట్‌బ్రూక్ ఒంటరిగా 47 పాయింట్లు చేశాడు. గెలిచింది మాత్రం డ్యురాంట్ జట్టు, 130-114. ఆ సీజన్ ఎంవీపీ వెస్ట్‌బ్రూక్‌కు దక్కింది, టైటిల్ డ్యురాంట్‌కు దక్కింది. మరుసటి ఏడాదీ గెలిచారు. ఆ గెలుపుల గురించి ఇంతకంటే చెప్పడానికి ఎక్కువ లేదు. ఓడిపోతారేమోనన్న భయం ఎవరికీ కలగని ఆట ఎంత అందంగా ఉన్నా మనసులో నిలవదు.

అతనికీ అది తెలిసిందనే అనుకుంటాను. 2017 సెప్టెంబరులో, తన గురించి తనే మూడో మనిషిలా రాస్తూ అభిమానితో వాదించిన ట్వీట్లు అతని సొంత ఖాతాలో కనబడ్డాయి. ప్రపంచంలో అత్యుత్తమ జట్టులో, ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడిగా ఉన్నవాడు ముక్కూ ముఖం తెలియనివాళ్ళకు సంజాయిషీ ఇచ్చుకుంటున్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. నాకా ఘటన నవ్వు తెప్పించలేదు. 2018 నవంబరులో గ్రీన్‌తో మ్యాచ్ మధ్యలోనే గొడవ. నువ్వు రాకముందే మేం గెలిచామన్న మాట పడిందని పత్రికలు రాశాయి. వెళ్ళినచోట కూడా అతను వచ్చినవాడే.

2019 జూన్ 10, టొరంటో. పిక్క కండరం దెబ్బతిని నెలకుపైగా కూర్చున్నవాడు, ఫైనల్స్‌లో జట్టు 3-1తో వెనకబడి ఉండగా ఆడతానని దిగాడు. పన్నెండు నిమిషాల్లో 11 పాయింట్లు. రెండో క్వార్టరులో టొరంటో తరఫున ఎదురుగా నిలబడి కాస్తున్నది ఇబాకా. అవును, ఆ ఓక్లహోమా ఇబాకాయే. బంతిని ఒక చేతినుంచి రెండో చేతికి మార్చి కుడికాలితో ముందుకు తోసుకెళ్ళబోయాడు. మడమ వెనక అకిలీస్ తెగింది. అలాగే కూలబడి ఆ చోటును చేత్తో తడుముకున్నాడు. స్టేడియంలో కొందరు చప్పట్లు కొట్టారు. ఆపండని చేతులూపినవాళ్ళలో ఇబాకా ఒకడు. వారియర్స్ ఆ మ్యాచ్ ఒక్క పాయింటుతో గెలిచారు. జట్టు మేనేజర్ బాబ్ మైయర్స్ మీడియా ముందు ఏడ్చాడు. మూడు రోజుల తర్వాత థాంప్సన్ మోకాలు పోయింది, టైటిలూ పోయింది. పిరికివాడన్నవాళ్ళందరికీ ఆ పన్నెండు నిమిషాలే జవాబు. అతను మాత్రం ఆ జవాబుకు కాలు మూల్యంగా చెల్లించాడు.

తర్వాతదంతా ఊళ్ళు మారడం. బ్రూక్లిన్‌లో 2021 ప్లేఆఫ్స్ ఏడో మ్యాచ్, ఒక్క సెకను ఉందనగా తిరిగి విసిరితే పడింది. మూడు పాయింట్లయితే గెలుపు. బూటు కొన గీత మీద ఉంది. రెండే. అదనపు సమయంలో మిల్వాకీ గెలిచి, ఆ ఏటి టైటిలూ పట్టుకుపోయింది. ఆ కొన వెంట్రుకవాసి వెనక ఉన్నా బహుశా ఈ వ్యాసం వేరేలా ఉండేది. 2022లో వారియర్స్ అతను లేకుండానే మళ్ళీ గెలిచారు. 2023లో ఫీనిక్స్ వెళ్ళాడు. అక్కడ మూడో ఏటికి ప్లేఆఫ్స్ కూడా లేవు.

2025 జూన్ 22న ఫీనిక్స్ అతన్ని హ్యూస్టన్‌కు ఇచ్చేస్తోందన్న వార్త వచ్చింది. అదే రాత్రి ఓక్లహోమా సిటీ ఇండియానాను ఏడో మ్యాచ్‌లో 103-91తో ఓడించి తొలి టైటిల్ గెలిచింది. ఆ జట్టుకు పెద్దదిక్కు షే గిల్జస్ అలెగ్జాండర్. ఇబాకాను ఇచ్చి ముగ్గురిని, వాళ్ళలో ఇద్దరిని ఇచ్చి పాల్ జార్జ్‌ను, జార్జ్‌ను ఇచ్చి షేను తెచ్చుకున్నారు. డ్యురాంట్ వెళ్ళినందుకు వాళ్ళకు దక్కింది శూన్యం.

థండర్ మొట్టమొదట గౌరవంగా పైకెత్తి కట్టిన జెర్సీ డ్యురాంట్‌ది కాదు, నిక్ కాలిసన్‌ది. 2003లో సియాటిల్‌లో చేరి, జట్టుతోపాటే వలస వచ్చి, 2018లో రిటైరయ్యేదాకా ఎక్కడికీ కదలని మామూలు ఆటగాడు. అతనికా గౌరవం న్యాయమే. ఆ ఊరు 2023 డిసెంబరులో ఓట్లేసి 90 కోట్ల డాలర్ల కొత్త మైదానానికి అనుమతిచ్చింది. 2028 నాటికి తెరవాలన్నది లెక్క. టైటిల్ వచ్చింది కదా, ఇప్పుడు కోపం ఎవరి మీద? ఆ మైదానం కప్పు కింద 35 వేలాడాలి. ఎనిమిదేళ్ళు ఆ ఊరికోసం ఆడినదాన్ని చివరి జులై ఒక్కటీ చెరిపెయ్యకూడదు.